హాల్లో గుంట – ఒకటి

పెడన,
జులై 9.

చిరంజీవి తమ్ముడు గోపీనాథ్‌కు అక్క చౌడేశ్వరమ్మ ఆశీస్సులు.

నిన్న ఉదయం ఆరున్నరకు మా మగ్గం గుంట నీళ్లతో నిండింది. వాన నీళ్లు కావు, మున్సిపాలిటీ నీళ్లు. మా కొత్త ఇంటికి కుళాయి నిన్ననే ఇచ్చారు. వాల్వు తిప్పగానే నీళ్లు వంటింటికి రాకుండా నేరుగా హాల్లో గుంటలోకి దిగాయి. మీ బావగారు అప్పటికే గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. పోగు తెగిందట, ముడి వేసేదాకా లేవలేదు. అప్పటికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

మేం అడిగింది మగ్గం గుంట. నువ్వు కట్టింది నీళ్ల సంపు. లోపల గోడకు వేలాడే ప్లాస్టిక్ బంతి దిష్టికి పెట్టించావనుకుని మూడు నెలలుగా శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తున్నాను. నిండాక నీళ్లు ఆపే బంతి అని కుళాయి బిగించినతను చెప్పాడు.

ఇంకో సంగతి. మొన్నటి వానకు శ్లాబ్ సరిగ్గా మగ్గం మీదే కురిసింది. పాత ఇంట్లో వానాకాలం వస్తే గుంటలోకి ఊట నీళ్లు వచ్చి నేత ఆగిపోయేది. అది తప్పించుకోవడానికే కదా ఈ ఇల్లు కట్టించుకుంది. ఒకసారి వచ్చి రెండూ సరిచేసి వెళ్లు. శ్రావణమాసం పెళ్లిళ్ల చీరలకు నూలు తెచ్చి పెట్టుకున్నాం.

ఇట్లు,
అక్క.

తా.క. బంతికి పసుపు రాయడం మానేశాను.


గవర్నర్‌పేట, విజయవాడ,
జులై 16.

గౌరవనీయులైన కస్టమర్ చౌడేశ్వరమ్మ గారికి నమస్కారాలు.

మీ సంపు నిండినందుకు సంతోషం. ఇన్నేళ్ల సర్వీసులో సంపు నిండిందని ఫిర్యాదు చేసినవారు మీరొక్కరేనండి. అగ్రిమెంటు తీసి చూశాను. "హాల్లో గుంట – ఒకటి" అని మాత్రమే ఉంది. హాల్లో సంపు ఏమిటని మా ఇంజినీరు కూడా అడిగాడు. కస్టమర్ ముచ్చట, మనకెందుకు, కట్టెయ్ అన్నాను. లోపల వాటర్‌ప్రూఫింగ్ మూడు పూతలు వేయించాను. నీళ్లు పోసి వారం ఉంచండి, వేలెడు తగ్గితే నన్ను అడగండి.

శ్లాబ్ విషయం. అది కురవడం కాదండి. కొత్త కాంక్రీటుకు చెమట పట్టడం. రెండు వానాకాలాలు పోతే అదే సర్దుకుంటుంది.

భవదీయుడు,
గోపీనాథ్, సివిల్ కాంట్రాక్టర్.

తా.క. సంపు మీద మూత వేసి ఉంచండి. దోమలు గుడ్లు పెడతాయి.


పెడన,
జులై 24.
(రిజిస్టర్డ్ పోస్టు)

శ్రీ గోపీనాథ్ గారికి చౌడేశ్వరమ్మ రాయునది.

మే నెలలో బెజవాడ నుంచి బందరు దాకా చెమట పట్టని మనిషి లేడు. అప్పుడు ఈ శ్లాబ్‌కు పట్టలేదు. వాన పడిన రోజే పడుతోంది.

మా అన్నయ్య కూతురు రాజ్యశ్రీ విజయవాడలో లాయరు. ఫోన్ చేసి అడిగాను. "అత్తా, ఫోన్లో తిడితే నీ గొంతు నొప్పి. రాసి పంపితే ఆయనకి తలనొప్పి. ఇకనుంచి రిజిస్టర్డ్ పోస్టులోనే మాట్లాడు," అంది. పోలీసుల దగ్గరికి వెళ్లనా అన్నాను. మొదటినుంచీ మోసం చేయాలనే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే వాళ్లు కేసు తీసుకుంటారట, పని పాడుచేస్తే సివిల్ అని పంపించేస్తారట. సివిల్ కోర్టు ఉందిగానీ మీ బావగారి వయసు చూసి అది వద్దంది. వినియోగదారుల కమిషన్ మేలట. లోపం బయటపడ్డాక రెండేళ్లలోపు వేయాలట. ముందు మీకు నోటీసు, ఇదే అది. పదిహేను రోజుల్లో శ్లాబ్ బాగుచేయండి, గుంటకు వచ్చే పైపు తీసేయండి. లేకపోతే బందరు కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం.

అంతవరకూ మేం ఏదీ పగలగొట్టకూడదు, పూయకూడదు. ఇంజినీరు చూడ్డానికి లోపం అలాగే ఉండాలట. కాబట్టి లోపాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటున్నాం. బయట వాల్వు మాత్రం కట్టేశాం.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ.

తా.క. గృహప్రవేశంలో మీకు పెట్టిన పంచె మీ బావగారు ఆ పాత ఇంట్లో నేసిన ఆఖరు పంచె. ఊరికే గుర్తుచేశాను.


గవర్నర్‌పేట,
ఆగస్టు 4.

గౌరవనీయులైన అక్కగారికి,

రిజిస్టర్డ్ కవరు చూసి మా ఆవిడ భయపడింది. వరస కలిపి తమ్ముడూ అని నోరారా పిలిచి నోటీసు పంపుతారా? మా లాయరు గారు చెప్పిన ముక్కలు రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మగ్గం ఉన్న ఇల్లు వ్యాపార స్థలం. వ్యాపారస్తులు వినియోగదారులు కారు. పైగా మీరు కొబ్బరికాయ కొట్టి, మాకు భోజనం పెట్టి ఇల్లు స్వాధీనం చేసుకున్నారు.

ఇక గుంట. మేస్త్రీ మరియదాసును పిలిచి నిలదీశాను. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అమ్మగారూ, గుంటకి నీళ్లు పెట్టాలా?" అని అడిగాడట.

"పెట్టకపోతే ఎట్లా? పొద్దునా సాయంత్రం తప్పకుండా పెట్టు," అన్నారట మీరు.

అందుకే కుళాయి పైపు గుంటకు తెచ్చాడు. మున్సిపాలిటీ నీళ్లు వచ్చేది కూడా పొద్దునా సాయంత్రమే.

ఇట్లు,
గోపీనాథ్.

తా.క. తప్పు మీదైనా మనసు నాది. సంపుకు నా తరఫున ఒక మోటారు పంపుతున్నాను. ఉచితం.


పెడన,
ఆగస్టు 22.
(రిజిస్టర్డ్ పోస్టు)

శ్రీ గోపీనాథ్ గారికి,

మోటారు అందింది.

మరియదాసు అడిగిన మాట నిజమే. నేనన్న మాటా నిజమే. సిమెంటు పని జరిగిన ఇంట్లో నీళ్లు పెట్టాలా అంటే, సిమెంటు గట్టిపడటానికి తడపాలా అని అడుగుతున్నాడనుకున్నాను. అతను కుళాయి సంగతి అడుగుతున్నాడని నాకేం తెలుసు? నా మాట వల్ల గుంటకు పైపు వచ్చింది, ఒప్పుకుంటాను. మరి శ్లాబ్‌కు ఎవరి మాట వల్ల నీళ్లు పెట్టలేదు? శ్లాబ్ పోసిన మర్నాడే మీ మనుషులందర్నీ ఇబ్రహీంపట్నం పనికి తరలించారు. నేను పైకెక్కి తడుపుతానంటే, "మీరు ఎక్కకండి అక్కా, మా వాళ్లు చూసుకుంటారు," అన్నారు. పైన పెట్టాల్సిన నీళ్లు పెట్టలేదు, కింద అక్కర్లేని నీళ్లు పెట్టారు. 

వ్యాపారం సంగతి రాజ్యశ్రీని అడిగాను. బతుకుతెరువు కోసం సొంత చేతులతో పని చేసుకునేవాళ్లు వినియోగదారులేనట, చట్టంలోనే ఉందట. నిన్న బందరులో ఫిర్యాదు వేశాం.

ఈ వారం వానలకు మా వీధిలో గుంటలన్నీ ఊట నీళ్లతో నిండాయి. మా గుంటలోకి కింది నుంచి చుక్క రాలేదు. మీ మూడు పూతలు నిజమే. అయితే శ్లాబ్ నుంచి పడిన నీళ్లు బయటికి పోయే దారీ లేదు, అదే మూడు పూతల వల్ల. పడుగు తడిసి రంగు కారింది. శ్రావణం చీరలు ఆగిపోయాయి. మీ బావగారు బందరులో బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి వెళ్తున్నారు. మొన్న మడతకు వచ్చిన వాటిలో ఆయన నేసిందే ఒకటుందట. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారు.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ.

తా.క. మోటారు బాగా పనిచేస్తోంది. గుంటలో వాన నీళ్లు తోడుతున్నాం.


గవర్నర్‌పేట,
సెప్టెంబర్ 20.

పూజ్యులైన అక్కయ్యకు తమ్ముడు గోపీ పాదాభివందనాలు.

మీ ఉత్తరం చదివి నా కళ్లు తెరుచుకున్నాయి. వీధంతా ఊట వచ్చినా మీ గుంటలోకి చుక్క రాలేదన్నారు చూడండి, అక్కడ. ఇంతకాలం ఎవరికీ తట్టలేదు. వెంటనే కరపత్రం వేయించాను, ఒకటి ఇందులో పెట్టాను. "చుక్క ఊరని మగ్గం గుంట. నేతన్నల కోసం ప్రత్యేకంగా రూపొందించినది. పెడనలో మేం కట్టిన ఇల్లు చూడండి." గృహప్రవేశం నాడు మీరు గుంట పక్కన కూర్చున్న ఫొటో వేశాం. చాలా బాగా పడ్డారు.

మన మధ్య కమిషన్ ఎందుకక్కా? ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. వేసవిలో ఎప్పుడైనా శ్లాబ్ మీద ఒక పూత కొట్టిస్తాను. కమిషన్ పంపే ఇంజినీరు తనిఖీ కూడా మార్చిలో పెట్టమని మా లాయరు గారు అడగబోతున్నారు. వానల్లో పాపం ఆయనకు ఇబ్బంది.

మీ తమ్ముడు,
గోపి.

తా.క. ఎవరైనా గుంట చూడటానికి వస్తే కాస్త మంచిగా చెప్పండి.


పెడన,
అక్టోబర్ 5.
(రిజిస్టర్డ్ పోస్టు)

ఎదుటి పక్షం వారికి ఫిర్యాదుదారు రాయునది.

మీ కరపత్రం చూసి పెడన నుంచే కాక పక్క ఊళ్ల నుంచీ జనం వచ్చారు. వానలోనే వచ్చారు. నేను మంచీ చెడూ ఏమీ చెప్పలేదు. గుంట చూపించాను, పైకి చూడమన్నాను. వాళ్లే ఇంట్లో గిన్నె వెతికి తెచ్చి చుక్కల కింద పెట్టి వెళ్లారు.

హాల్లో మగ్గం వస్తుందని మీకు తెలియదనీ, మీరు కట్టింది సంపేననీ కమిషన్‌కు ఇచ్చిన జవాబులో రాశారు. నేతన్నల కోసం ప్రత్యేకంగా కట్టానని కరపత్రంలో వేశారు. రాజ్యశ్రీ రెండింటినీ ఒకే దారంతో కుట్టి దాఖలు చేసింది.

వానల్లో ఇంజినీరుకు ఇబ్బంది, మార్చిలో పెట్టండి అని మీ లాయరు గారు అడిగారట. "మీ క్లయింటు వేసిన శ్లాబ్ కింద నిలబడితే వానతో ఇబ్బందేమిటి?" అన్నారట కమిషన్ వారు. మీ లాయరు గారు కూర్చున్నారట.

కమిషన్ నియమించిన ఇంజినీరు ఈ నెల 14వ తేదీ ఉదయం పదకొండింటికి మా ఇంటికి వస్తున్నారు. రెండు పక్షాలూ హాజరు కావాలి. మీ బావగారు కొట్లో సెలవు అడిగారు. ఆ ఉదయం మోటారు వేయం.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ.

తా.క. గొడుగు తెచ్చుకోండి. బస్సు దిగాక అక్కర్లేకపోవచ్చు, ఇంట్లోకి వచ్చాక కావాలి.