సందేశ్ ఈడ లేడు

కామాటిపుర, పదకొండో గల్లీ

బావా,

ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నమ్మకు. మీ సొరంగం పని జరిగే కొండల్లో సెల్ పలకదని తెలుసు. ఆఫీసు ఫోన్ నుంచైనా ఒక్కసారి చేస్తావని ఎదురుచూశాను. నువ్వు చేశావట. నాకు నిన్ననే తెలిసింది.

నేను కార్ఖానాలో బట్టల దారాలు కత్తిరించడానికి పోతే ఫోన్ అత్తమ్మ దగ్గరే ఉంటుంది కదా. మన గదిలో సిగ్నల్ వస్తే దేవుడొచ్చినట్టే. ఫోన్ కలవక నువ్వు మాట రికార్డు చేసి పెట్టావు. అప్పటి నుంచి ఫోన్ కంపెనీ మిషన్ ఆడగొంతుతో రోజూ ఫోన్ చేసి ఒకటే పాట: "ఆప్ కే లియే ఏక్ నయా సందేశ్ హై. సున్‌నే కే లియే ఏక్ దబాయియే." ఊరి నుంచి మొన్నమొన్న వచ్చిన అత్తమ్మకు అందులో రెండే మాటలు అందాయి. సందేశ్ అంటే కింది గది రత్నాబాయి కొడుకు. దబాయియే అంటే దబాయించడం.

"సందేశ్ ఈడ లేడమ్మా, కిందింట్ల ఉంటడు. నన్నెందుకు దబాయిస్తవ్?" అని రోజూ పెట్టేసిందట. అంతటితో ఊరుకుందా? రత్నాబాయిని నల్లా దగ్గర పట్టుకుని, "నీ కొడుకెంబడి ఎవలో పోరి పడ్డది, జల్ది లగ్గం చెయ్యి" అని సలహా కూడా ఇచ్చింది.

నిన్న సందేశ్ ముఖం ఎర్రగా చేసుకుని పైకొచ్చాడు. సంగతి విని, "ఆజీ, సందేశ్ అంటే నేను కాదు, మెసేజ్! దబాయియే అంటే నొక్కుమని. ఎవరో మీకు మాట పెట్టిన్రు" అన్నాడు. నవ్వాను బావా. చాలా రోజులకు నవ్వాను. ఫోన్‌లో చూస్తే నంబరు మీ ఆఫీసుది. అతను కంపెనీకి కలిపి ఒకటి నొక్కాడు. కొత్త సందేశాలు లేవంది. వినకపోతే కొన్నాళ్ళకు చెరిపేస్తారట.

అత్తమ్మ అన్నం ముట్టలేదు. "నా నోట్ల మన్నుబడ, నా కొడుకు మాటను పరాయింటికి తోలిస్తినే" అని ఏడుస్తోంది. ఆమెనేమనను?

దాచకుండా చెబుతున్నాను. పాప కడుపులోనే పోయినప్పుడు అందరూ నాతో ఏదో ఒకటి అన్నారు. నువ్వొక్కడివే ఏమీ అనలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి, బిందె నింపి పెట్టి, పనికి వెళ్ళిపోయావు. దసరాలోపు నీ నుంచి ఒక్క మాట రాకపోతే మా అమ్మ దగ్గరికి పోయి ఇక రాకూడదనుకున్నాను. ఆ మాట వచ్చింది, పోయింది. ఉండమన్నావా? పొమ్మన్నావా? ఆ ఆడగొంతు మళ్ళీ చేస్తుందేమోనని ఇవాళ పని మానుకుని కూర్చున్నాను. చెయ్యడం లేదు.

ఏం చెయ్యాలో తోచని,
దివ్య


సొరంగం క్యాంపు

దివ్యా,

నాకు మాట్లాడటమే రాదు, రాయడం ఇంకెక్కడ వస్తుంది? కొండ విరిగిపడి దారి మూసుకుపోయింది. ఇది దసరాలోపు నీకు చేరుతుందో లేదో కూడా తెలియదు.

అమ్మను ఏడవొద్దని చెప్పు. అందులో పెద్ద మాటలేవీ లేవు. బీప్ తర్వాత మాట్లాడమంది మిషన్. వెనక లైన్లో ఉన్నవాళ్ళు "బోల్ నా భాయ్" అని తొందరపెట్టారు. ఉండమనాలని కూడా తోచలేదు.

నువ్వు మత్తులో ఉన్నప్పుడు పాపను నా చేతికిచ్చారు. పూడ్చేచోట ఒకాయన పేరేమిటని అడిగాడు. పెట్టలేదన్నాను. అబద్ధం. నీ కడుపు మీద చెయ్యి వేసి పడుకున్నప్పటి నుంచీ నాకొక పేరు ఉంది. చెబితే ఇంకా ఏడుస్తావని మింగేశాను. అది గొంతుకు అడ్డం పడి వేరే మాటేదీ రానివ్వలేదు.

ఆ రోజు ఫోన్‌లో ఆ పేరొక్కటే అన్నాను. ఫోన్‌లో ఎవరిదో పేరు వచ్చిందని అమ్మ అనుకుంది కదా, అంతవరకు ఆమె పొరబడలేదు.

సాక్షి. నువ్వూ ఒక్కసారి పైకి అను. తర్వాత పోవాలనిపిస్తే పో.

నీ
ప్రవీణ్