తగరపు ఇసుక మూట

రేఫీల్డ్, జోస్
జనవరి 9, 1995

నా బంగారు చెల్లి లియోప్‌కు,

అక్క దీవెనలు. హర్మటాన్ ఎడారి గాలికి పెదాలు పగులుతున్నాయి. మిగతా అంతా ప్రభువు దయ.

నీకొక అబద్ధం చెప్పాను. మణికట్టు నొప్పి వల్ల గోల్ఫ్ మానేశానన్నాను. నొప్పి లేదు, వణుకు. రెండేళ్ల కిందట కడునాలో, ఆఖరి గుంట దగ్గర మొదలైంది.

మనది ఇసుక మీద ఆట. నూనె కలిపి దిమ్మిసకొట్టిన ఇసుక మీద, బంతికీ గుంటకీ మధ్య గోనెపట్టా లాగి దారి చదును చేసుకుని గట్టిగా కొట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కడునాలో గడ్డి. అక్కడ దారిని ముట్టుకోకూడదని పొద్దున్నే చదివి వినిపించారు కూడా. అయినా నువ్వు గుంటకు నాలుగడుగుల దూరంలో ఆపి ఇచ్చిన బంతి ముందు నా కాలు దానంతటదే లేచి, జోడుతో గడ్డిని సవరించింది. రెండు దెబ్బలు ఎక్కువ కొట్టినట్టు జరిమానా వేశారు. మనిద్దరం జంటగా గెలవాల్సిన ఆట పోయింది. "ఏమ్మా, చీపురు మరిచి వచ్చావా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బస్సులో నువ్వు వేరే సీట్లో కూర్చున్నావు. నెల తిరక్కుండా నీ కర్రలన్నీ ఎవరికో ఇచ్చేసి మకుర్ది వెళ్లిపోయావు. నా మీద కోపంతోనే ఆట వదిలేశావని నాకు తెలుసు. అప్పటి నుంచి గుంట జానెడు దూరంలో ఉన్నా నా మణికట్టు ఎగిరిపడుతోంది.

ఇప్పుడు అసలు మాట. మన బ్యాగులు మోసిన దాల్యోప్ బాబా గుర్తున్నాడుగా. మొన్న నేను మళ్లీ కర్ర పట్టి ఆడుతుంటే చూసి, "కానెంగమ్మా, బంతిని గుంటలోకి నెట్టే ఈ పట్టర్ కర్ర మరీ తేలికై నీ చేతిలో ఈగలా ఎగురుతోంది. దానికో బరువు తగిలించు," అన్నాడు. నాన్న గని నుంచి తెచ్చి దాచిన తగరపు ఇసుకను పిడికెడు గుడ్డలో కుట్టి పట్టర్ తలకు కట్టాం. అంత చిన్న మూట, ఎంత బరువో! మణికట్టు ఎగరేద్దామన్నా అది ఎగరనివ్వదు. భుజాలు కదిలితేనే కర్ర కదులుతుంది, అదీ నిదానంగా.

గడ్డి ఎక్కడుంది మనకు? చర్చి వరండాలో నున్నటి గచ్చు మీద సాధన చేస్తున్నాను. బంతి గడ్డి మీదకన్నా వేగంగా జారుతుంది. పాస్టరుగారు తల బయటపెట్టి, "అక్కా, లోపల ఉపవాస ప్రార్థన. బయట మీ టకటక!" అన్నారు.

"నేనూ ప్రార్థనలోనే ఉన్నానండి."

"ఎవరి కోసం?"

"మణికట్టు కోసం."

ఈస్టర్ తర్వాత కడునా పోటీలో జంట లేకుండా ఒక్కదాన్నే ఆడబోతున్నాను. యాభై మూడేళ్లకు ఇదేం పిచ్చి అనుకోకు. నేను పాడుచేసిన చోటే నేను బాగుచేయాలి.

రోజూ నీ పేరు చెప్పి మోకరించే
అక్క కానెంగ్


ఫిబ్రవరి 20

లియోప్ తల్లీ,

నీ జాబు మూడుసార్లు చదివాను. నా కాలు లేవడం నువ్వు చూశావట. "అక్కా, ఆగు" అనడానికి సమయం ఉండి కూడా నోరు పెగల్లేదట. ఆ సిగ్గుతో ఆట వదిలేశావట. కోపం నా మీద కాదట.

రెండేళ్లు ఇద్దరం ఒకే బరువు చెరొకచోట మోశాం. కాలు నాది తల్లీ. దాన్ని ఆపాల్సిన పని నీది కాదు. ఇక ఆ మాట వద్దు.

నిన్న మూట విప్పి కొట్టాను. కర్ర కోడి ఈకలా ఉంది. మొదటి బంతి గుమ్మం దాటి సండే స్కూలు పిల్లల మధ్యకు పోయింది. పదో బంతికి చేతులు కుదురుకున్నాయి. మూట లేకపోయినా ఉన్నట్టే కదిలాయి. బాబా చుట్ట తీసి, "ఇప్పుడు ఈగ వాలింది," అన్నాడు.

నవ్వుతారు వెళ్లొద్దన్నావు. నవ్వనీ.

కానెంగ్


ఏప్రిల్ 23

లియోప్,

దేవునికి స్తోత్రం. గెలిచాను.

నిన్న ఆఖరి గుంట దగ్గరకు వచ్చేసరికి లేగోస్ ఆవిడ ఇబిరోంకె, నేను సమానం. ఆమె బంతి నాలుగడుగుల్లో, నాది పది బారల దూరంలో, దారి పల్లానికి. జనం గుమిగూడారు. "జోస్ వాళ్లవి ఇసుక చేతులండీ, గడ్డి మీద పనికిరావు," అని వెనక ఒకాయన అంటున్నాడు. దాల్యోప్ బాబా వెనక్కి తిరిగి, "అయ్యా, కాసేపు నోరు కట్టేసుకోండి. ఎప్పుడు విప్పాలో నేను చెప్తాను," అన్నాడు.

గడ్డి మీద నాలుగు ఆకులున్నాయి. నియమం ప్రకారం వాటిని వేళ్లతో తీయొచ్చు, తీశాను. అప్పుడు కుడికాలు లేవబోయింది. అవును, మళ్లీ. రెండు పాదాలూ దగ్గర పెట్టి, అది కుదురుకునేదాకా నిలబడ్డాను. భయం రాలేదు. ఇది నా కాలు, దీని అలవాటు నాకు తెలుసు, అంతే అనుకున్నాను. తర్వాత భుజాలు కదిలాయి. మణికట్టు ఉలకలేదు. బంతి ఎడమకు వంగి, ఆగిందేమో అన్నంత నెమ్మదై, గుంట అంచు మీద ఒక ఊపిరి నిలిచి, పడింది.

ఇబిరోంకె తన నాలుగడుగుల బంతి కొట్టింది. బంతి అంచు తిరిగి బయటికొచ్చింది. ఆమె నా దగ్గరకొచ్చి, "అక్కా, ఆ చేతులు ఎక్కడ చేయించుకున్నారు?" అంది. చర్చి వరండాలో అని చెప్పాను. నమ్మలేదు.

బాబా నా బ్యాగు నెత్తిన పెట్టుకుని మైదానం మధ్యలో చిందేశాడు. "విప్పండయ్యా, ఇప్పుడు విప్పండి నోళ్లు!" అని అరిచాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి! నేను కూడా నవ్వాను, పళ్లన్నీ కనపడేలా. నా ఆట చూడవచ్చిన మన చర్చి సంఘం వాళ్లు వ్యానులో జోస్ దాకా పాడుతూనే వచ్చారు.

కప్పు ఇచ్చేటప్పుడు కార్యదర్శి వచ్చే ఏడాది జంటల పోటీకి పేర్లు అడిగాడు. నీ పేరు ముందు రాశాను, దాని కింద నాది. నిన్ను అడగలేదు. కొట్టేయాలనుంటే నువ్వే రావాలి. వచ్చేటప్పుడు చదునుగా ఉండే జోళ్లు తెచ్చుకో. నా కర్రలు ఇద్దరికీ సరిపోతాయి.

అక్క