రేపు మగ్గం చూడనీకె వచ్చెటోళ్లు

శనివారం, గద్వాల

రేపు మా మగ్గం చూడనీకె వస్తమని ఆన్‌లైన్‌ల పేర్లు రాయించుకున్నోళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నరు. పొద్దుగూకేటాళ్లకు ఒక్కరు గూడ మిగల్లే. అకౌంట్ లేకున్నా మెయిల్‌కు వచ్చిన లింకు నొక్కి రద్దు చేసుకునేటట్ల పెట్టింది నేనే. రాలేనోళ్లను పాస్‌వర్డ్‌ల కోసం పరేషాన్ చేసుడెందుకు అనుకున్న. వాళ్ల తప్పేం లేదు. కానీ గింత అల్కగనా...

మామకు ఇంక చెప్పలే. పట్టు కొంగు పోగులను నూలు పోగులకు ఒక్కొక్కటే అతుకుడే మా చీరకు అసలు పని. అది వచ్చెటోళ్ల కండ్ల ముందర చేసి చూపిస్తనని నిన్నట్నుంచి చీర గట్లనే ఆపి పెట్టిండు. చెప్తే ఇగ ఆ పోగులు ముట్టడేమోనని నాకు భయం.

బువ్వ తినుకుంట అడిగిండు. "బిడ్డా, వాళ్లెవరన్న ఫోన్ చేసిండ్రా?"

"లేదు మామా."

"అయితే అందరొస్తరు. రానోళ్లైతే ఒక మాట చెప్పకుంట ఉంటరా?"

చెయ్యి కడుక్కొని, రేపటికని కండ్లద్దాలు తుడుసుకుంట కూసున్నడు.