గుప్పెడు నల్ల ఇసుక

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ విచారణ నివేదిక చదివాను. మన రేవు నుండి ఖాళీ ఓడల అడుగున బరువు కోసం ఊరికే పోసి పంపిన నల్ల ఇసుకలోనే క్షిపణులకు కావలసిన అరుదైన లోహం ఉన్నదనీ, నేడు దానికై పరదేశాన్ని ప్రాధేయపడుతున్నామనీ సరిగానే వ్రాశావు. తప్పు మాత్రం చనిపోయిన గుమాస్తాపై మోపావు. అప్పటి రేవు అధికారినైన నన్ను కాపాడాలనుకున్నావు.

ఆనాడు అతడు గుప్పెడు ఇసుక నా బల్లమీద పోసి, "ఇంత బరువేంటండీ అయ్యగారూ! ఒక్కసారి పరీక్షకు పంపిద్దామండీ" అన్నాడు. "ఇసుకలో నూనె పిండుతావటయ్యా?" అన్నాను. గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే 'వ్యర్థం' అని వ్రాసి సంతకం చేశాను. అతడు మళ్లీ అడగలేదు.

విద్య వినయాన్ని ఇస్తుందని జీవితమంతా ఇతరులకు చెప్పినవాణ్ణి, నాయనా. నీ నివేదికతో అతని భార్యకు వచ్చే పింఛను ఆగిపోతుంది. నా పేరు వ్రాయి. మరొకరి వెనుక దాగే ఓపిక నాకిక లేదు.

ఆ గుప్పెడు ఇసుకను సీసాలో పోసి, కాగితాలు ఎగరకుండా ఇన్నేళ్లూ బరువుగా వాడుకున్నాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అతడు అడిగినట్టే పరీక్షకు పంపించు.

నీ మామయ్య