కుట్టు పడని నవల

సెప్టెంబర్ 19
ఇవాళ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. రాసి ఎవరిని ఉద్ధరించాలి? కానీ కరెంటు పోయింది. తిట్టడానికి ఎదుట మనిషి లేడు, కాగితం ఉంది.

నవల అచ్చయి నాలుగు రోజులు. యాకూబ్ బైండింగ్ షాపులో కట్టలుగా పడి ఉంది — పదమూడు ఫారాలు, ఫారానికి పదహారు పేజీలు. ఇంకా కుట్టాలి, అట్ట వేయాలి. "గంట కరెంటిస్తే జేసిస్త సార్. ఇయ్యమనుండ్రి." ఎవరిని అడగను? తెలంగాణ సమ్మెతో బొగ్గు ఆగింది, బొగ్గు లేక కరెంటు ఆగింది. ఆ బొగ్గు ఆపినవాళ్లలో ఒకడు ఈ మరాఠీ నవల అనువాదకుడే... భూపాలపల్లి రాజమల్లు!

సెప్టెంబర్ 20
రాజమల్లు ఫోను. "అన్నా, పుస్తకం ఎప్పుడస్తది?"
"నువ్వు మల్ల బొగ్గుబాయిల దిగినంక."
ఫోను పెట్టేశాడు.

సెప్టెంబర్ 22
మహబూబాబాద్ పుస్తకాల షాపతను నేను వేసిన కిందటి అనువాద నవల కట్ట విప్పకుండానే తిప్పి పంపాడు. "మనోళ్ల కథలే ఎవలు గొంటలేరు, పరాయోళ్లయి ఎవలు గొంటరు సార్?" నిజమే. నేను చదువు నేర్చింది పత్తి మార్కెట్లో మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద. సగం కథల చివర ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఆ కసితోనే ఈ వ్యాపారంలో దిగానేమో.

ఎక్కడికో పోయాను. రాజమల్లు కుర్రవాడిగా ఉండగా గోదావరి అవతల మహారాష్ట్ర గనుల్లో మరాఠీ నేర్చాడు. డ్యూటీ దిగాక నాలుగేళ్లు కూర్చుని రాశాడు. తట్ట మోసేవాడు నవల రాస్తాడా అని తోటివాళ్లు నవ్వారట. వచ్చే నెల రిటైర్మెంట్. ఆలోపు పుస్తకం ఆ తోటివాళ్ల చేతుల్లో పెట్టాలి — అదొక్కటే అడిగాడు.

సెప్టెంబర్ 24
బస్సులు లేవు. ఎరువుల లారీలో భూపాలపల్లి. ఒళ్లో ఒకే ఒక్క సెట్టు, కుట్టని ఫారాలు, రబ్బరు బ్యాండు వేసి. రిలే దీక్ష టెంటులోనే ఆవిష్కరణ. సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా ఎవరూ లేవరు... ఇంతకన్నా మంచి సభ ఏ ప్రచురణకర్తకు దొరుకుతుంది, అని సంబరపడ్డాను. నా తెలివి!

రాజమల్లు షిఫ్టువాడు కొమురయ్య మొదలుపెట్టాడు. "ఏందే రాజమల్లూ, తెలంగాణ కోసం కూసుంటే మరాఠోళ్ల ముచ్చటెందుకే?"
"బాయి పనోళ్ల ముచ్చటనే."
"మేం లేమా? మమ్ముల రాయ్!"
టెంటంతా నవ్వు.

మధ్యాహ్నం తోచక ఆ కొమురయ్యే రబ్బరు బ్యాండు లాగేశాడు. హోటల్లో పేపరు పంచుకున్నట్టు తలా ఒక ఫారం! ఏడో ఫారం చదివేవాడు ఆరోవాణ్ణి అడుగుతాడు — "గీ ముసల్ది ఎవలే?" నేను మొత్తుకున్నాను, అది పేపరు కాదురా నాయినా అని. నిమ్మరసం రాగానే లేచిపోయారు. ఫారాలు జేబుల్లో. తిరిగొచ్చినవి నాలుగు, అవి రాజమల్లుకే ఇచ్చాను.
"ఒక్క పుస్తకమన్న సక్కగ తేకపోతివే అన్నా," అన్నాడు రాజమల్లు.

సెప్టెంబర్ 25
నడుము నొప్పి. ఇక ప్రచురణ బంద్. (ఈ మాట ఇదే డైరీలో ఇంతకుముందూ ఉంది.)

సెప్టెంబర్ 27
రాజమల్లు ఫోను. "కొమురయ్య ఫారాల కోసం ఇంటింటికి తిరుగుతుండే. పన్నెండు సదివిండట. ఆఖరిది ఎవల తాననో అని..."
ఆఖరి ఫారాలు యాకూబ్ షాపులో గుట్టగా ఉన్నాయి. పంపడానికి బస్సు లేదు.

సెప్టెంబర్ 28
కరెంటు రాలేదు. పదమూడో ఫారం తీసుకున్నవాణ్ణి రైలు పట్టాల మీద కూర్చున్నందుకు పోలీసులు పట్టుకుపోయారట. ఫారం వాడి జేబులోనే. కొమురయ్య పోలీసు స్టేషన్‌కు పోయి అడిగాడు. కానిస్టేబుల్ చదువుతున్నాడట, అయిపోయేదాకా ఆగమన్నాడట. కొమురయ్య బయట బల్ల మీద కూర్చున్నాడు.