గుర్రానికి ఆధారం

తిరుత్తణి

అన్న ఎలుమలైకి, చెల్లెలు తంగమ్మ దణ్ణం పెట్టి రాసేది. సుబ్రమణ్యస్వామి దయతో ఇక్కడ అందరం బాగున్నాము.

ఫోను చేస్తే నా పేరు చూసి కట్ చేస్తావు. వాట్సాప్‌లో రెండు నీలం గీతలు పడతాయి, జవాబు పడదు. అందుకే ఇన్నాళ్ళకు పెన్ను పట్టుకున్నాను. నువ్వు తమిళ బడిలో చదివినోడివి, నాకు వచ్చింది తెలుగు రాతే. వదిన చదివి వినిపిస్తుందిలే.

మన తనుశ్రీ గ్రూప్ పరీక్షకు ప్రపంచ చరిత్ర చదువుతా ఉంది. పుస్తకం దిండంత ఉంది. "ఎట్ల చదవాలో మామను అడుగమ్మా, ముఖ్యమైన సూత్రాలు చెప్తే చాలు" అంటుంది. ఊరి పిల్లలందరికీ చరిత్ర చెప్పినావు, మేనకోడలికి చెప్పవా?

ఆడికృత్తిక పండగనాడు జరిగింది నేను తవ్వను. మన పెద్దలు రాయలవారి కాలంలో గుర్రమెక్కి ఈ దిక్కుకు వచ్చినారని నాయన చెప్పిందే నేను చెప్పినాను. "గుర్రానికి ఆధారం యాడ? కరువుకు ఆవుల్ని తోలుకుని నడిచి వచ్చింటారు" అని అందరి ముందరా అన్నావు. "ప్రపంచమంతా తెలిసినోడికి ఇంటి సంగతి తెలీదు" అన్నాను. పెరుగన్నం ఆకులోనే వదిలి లేచిపోయినావు. అంతే కదా.

చెల్లెలు,
తంగమ్మ

తా.క.: తవ్వనని చెప్పి తవ్వినాను. మళ్ళీ రాసే ఓపిక లేదు, అట్లే పంపుతున్నాను.

తిరువళ్ళూరు

చిరంజీవి తంగమ్మకు అన్న ఆశీస్సులు.

జాబు అందింది. తనుశ్రీకి చెప్పు. ఏ సంగతైనా ఎవరు చెప్పినారు, చెప్పినందువల్ల వాళ్ళకేం లాభం అని ముందు అడగాలి. గెలిచినోళ్ళ మాటే కాదు, ఓడినోళ్ళ మాట కూడా వినాలి. ఇవి పట్టుకోకుండా సంవత్సరాలు బట్టీ పడితే ఏమీ రాదు.

అన్న,
ఎలుమలై

తా.క.: మోకాలు ఎట్లుంది? మెట్లెక్కి కొండకు పోవద్దు, బస్సులో పో. వేళకు తింటున్నావా?

తిరుత్తణి

అన్నకు తంగమ్మ దణ్ణాలు.

రాత వదినది, మాట నీదని చదవగానే తెలిసింది. తనుశ్రీకి రాసినట్టు రాసి నాకు చురక పెట్టినావు. గుర్రం సంగతి చెప్పి నాకేం లాభం వచ్చింది? అది విని ఎవరైనా మూర పూలు ఊరికే ఇచ్చినారా? ఓడినోళ్ళ మాట వినాలంటావు. ఆ రోజు ఓడింది నేనే. నా మాట విన్నావా?

చెల్లెలు,
తంగమ్మ

తా.క.: తనుశ్రీకి ఇంకా రెండు సూత్రాలు కావాలంట. మోకాలు పరవాలేదు.

తిరువళ్ళూరు

చిరంజీవి తంగమ్మకు ఆశీస్సులు.

నేను ఎవరినీ మనసులో పెట్టుకుని రాయలేదు. అప్పటివాళ్ళను ఇప్పటి కళ్ళతో చూసి తప్పు పట్టకూడదు. ఇంకొకటి, ఏ దేశమూ ఒంటరిగా బతకలేదు. మన మిరపకాయే చూడు. సముద్రాల అవతల నుంచి ఓడల్లో వచ్చింది. అంతకు ముందు మనోళ్ళు మిరియాల కారమే తిన్నారు.

అన్న,
ఎలుమలై

తా.క.: నువ్వు మామిడి ఊరగాయలో ఎప్పుడూ ఉప్పు తక్కువ వేస్తావు. బూజు పట్టిందేమో జాడీ తీసి చూడు.

తిరుత్తణి

అన్నకు,

గుర్రం పోయింది. ఇప్పుడు మిరపకాయ కూడా పోయింది. అమ్మ ఊరగాయ పరాయిదని చెప్పడానికి స్టాంపు దండగ చేసినావు. పూజలో కూర్చున్నా మనసు నిలవలేదు. ఇక నాకు సూత్రాలు వద్దు. ఆదివారం తనుశ్రీని పంపుతాను, దానికే నేరుగా చెప్పు.

తంగమ్మ

తా.క.: జాడీ తీసి చూసినాను. బూజు పట్టింది. నీకెట్ల తెలిసింది?

తిరుత్తణి

వదిన రుక్మిణమ్మకు, తంగమ్మ దణ్ణం పెట్టి రాసేది.

ఇది నీకే రాస్తున్నాను. తనుశ్రీ వచ్చి అంతా చెప్పింది. "మామా, మీ ఉత్తరాలు బాగా పనికొచ్చినాయి" అంటే అన్న "ఏ ఉత్తరాలు?" అన్నాడంట. నువ్వు వంటింట్లోకి పోయి పోపు మాడబెట్టినావంట. తర్వాత దాన్ని పక్కకు పిలిచి ఏడ్చినావంట. నా మొదటి జాబు చదవబోతే ఆయన "దాని పేరు ఎత్తద్దు" అని లేచిపోయినాడనీ, ఇంట్లో ట్యూషన్ చెప్పేటప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతా నువ్వు విన్న మాటలే నాకు రాసినావనీ చెప్పినావంట.

అన్న అనుకుని నిన్ను తిట్టినాను వదినా. ఇన్ని జాబుల్లో ఒక్కసారైనా నువ్వు ఎట్లున్నావని అడగలేదు. నా మోకాలు అడిగింది నువ్వు. దీపం ముందర కూర్చుంటే అదే గుర్తొస్తా ఉంది.

తనుశ్రీని బస్సు ఎక్కించడానికి అన్న వచ్చినాడంట. అక్కడ నిలబడి, నువ్వు రాయని సూత్రం ఒకటి చెప్పినాడంట. "ఆధారం దొరకలేదంటే జరగలేదని కాదు పాపా, తెలీదని అర్థం. గుర్రమెక్కి రాలేదనడానికి నా దగ్గర కూడా ఆధారం లేదు. ఆ మాట ఆ రోజే అనుండాల్సింది." అని, "మీ అమ్మకు చెప్పద్దు" అన్నాడంట. అది చెప్పులు విడవక ముందే చెప్పేసింది.

ఫోను తీసి మళ్ళీ పెట్టేసినాను. నాకు తెలిసిందని తెలిస్తే ఆయన మళ్ళీ బిగుసుకుంటాడు. తనంతట తాను వచ్చేదాకా చూస్తాను. ఇద్దరికీ తల నెరిసింది, ఇంకా ఎన్ని పండగలు ఇట్ల పోతాయో.

నువ్వు మాత్రం రాస్తా ఉండు. ఆయన పేరుతో వద్దు, నీ పేరుతో రాయి.

నీ ఆడబిడ్డ,
తంగమ్మ

తా.క.: ఈ కాగితాలు చింపద్దు, దాచిపెట్టు. ఆయనకు మాత్రం చూపించద్దు. తెలుగు చదవలేడు, నిజమే. కానీ చదివి వినిపించమంటే నువ్వు కాదనలేవు.