ఎండ తాళంచెవి

గుణదల,
14-11-2002.

చిరంజీవి జోజిబాబును మేరీమాత చల్లగా చూడాలని దీవించి మీ అమ్మ వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా క్షేమం మీద నీకు నమ్మకం లేదని నీ ఉత్తరం చూస్తే తెలిసింది కాబట్టి, ఎంత క్షేమమో వివరంగా రాస్తున్నాను. ఆ జోధ్‌పూర్‌లో తుపాకీ పక్కన పెట్టి కూర్చుని చదువు.

“మీ అమ్మ బాతులా నడుస్తోంది” అని పక్కగది మాణిక్యమ్మ నీకు రాసిందట. నిజమే. తొడలు ఒకటే నొప్పి. రెండు మెట్లెక్కితే మూడోదానికి గోడ పట్టుకోవాలి. మొదట ఒక్కరూ నమ్మలేదు. పోయినేడు గుడి ఊడ్చే వంతు తప్పించుకోవడానికి వారం రోజులు కుంటినట్టు నటించానుగా, “ఈసారి ఏ కాలు తెరేసమ్మా?” అని అడిగారు. పిల్లలైతే నా వెనకాల బాతుల్లా ఊగుతూ నడిచారు. నేనూ వెనక్కి తిరిగి “వరస తప్పకండర్రా” అని కొండ కింద నా కొవ్వొత్తుల బడ్డీదాకా నడిపించుకుపోయాను.

డాక్టరమ్మ ఏమందని అడిగావు. గవర్నర్‌పేటలో రక్తం తీసి పరీక్ష చేయించింది. ఫిట్స్ మాత్రలు ఎన్నేళ్ళ నుంచి అని అడిగితే, ఇరవై నాలుగేళ్ళు, మావాడికంటే రెండేళ్ళు పెద్దవి అన్నాను. “నీ ఒంట్లో డి విటమిను దాదాపు లేదమ్మా. ఎండ తగిలితే తయారయ్యేది అది” అంది. నాకు నవ్వాగలేదు.

“ఇది బెజవాడండీ డాక్టరమ్మగారూ! మే నెలలో కాకులు కూడా గొడుగు అడుగుతాయి. మాకు ఎండ కరువా?”

“నువ్వుండేది చీకటి గది, కూర్చునేది టార్పాలిన్ కింద. తయారైన కాస్తా ఆ మాత్రలు తొందరగా ఖర్చు చేసేస్తాయి. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, ఎముక మెత్తబడుతుంది. మాత్రలు మాత్రం మానకు.”

కాల్షియం బిళ్ళలు, రక్తానికి ఇంకో చిన్న బిళ్ళ, వారానికోసారి పాలల్లో కలుపుకునే పొడి రాసింది. రోజూ కాసేపు ఎండలో కూర్చోమంది.

ఎక్కడ కూర్చోను? మన గదికి అటూ ఇటూ మేడలే. ఉన్నది ఒక్క డాబా. దానికి మన ఇంటాయన సంజీవరావు గారు తాళం వేసుకుని, ఆ చెవి గుత్తిలో పెట్టుకుని మొలకు కట్టుకుని తిరుగుతాడు. వెళ్ళి అడిగాను. “ఫిట్సొచ్చే మనిషివి, పైనుంచి పడితే పోలీసులు నా గుమ్మానికొస్తారు. అసలు నెలాఖరుకు గదే ఖాళీ చెయ్యి” అన్నాడు. నువ్వేమో ఉయ్యూరు వెళ్ళి పిన్ని ఇంట్లో కూర్చోమని రాశావు. మీ పిన్ని మంచిదే. కానీ ఆ ఇంట్లో నేను దగ్గినా నలుగురు పరిగెత్తుకొస్తారు. నా బడ్డీ, నా గది, నా నోరు నాకుండాలి.

ఇక దాచిన మాట. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

ఎముకలు తినే మాత్రలు నాకెందుకని రోషం వచ్చి, పదకొండు రోజులు ఫిట్స్ మాత్రలు మింగలేదు. నీకు మాత్రం “వేళకు వేసుకుంటున్నా” అని రాశాను. పన్నెండో రోజు పొద్దున్నే పంపు దగ్గర పడ్డాను. ఆరేళ్ళుగా రానిది వచ్చింది. మెలకువ వచ్చేసరికి నాలుక తెగి ఉంది, చీర తడిసి ఉంది, గుప్పిట్లో తాళాల గుత్తి ఉంది. ఎవరు పడినా చేతిలో ఇనుము పెడతారుగా మనవాళ్ళు! దానివల్ల ఫిట్స్ ఆగవని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా అంతే. గుత్తి సంజీవరావు గారిదే. పాపం, అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనేనట.

“ఇటియ్యి తెరేసమ్మా” అని చెయ్యి చాపాడు. నేను కళ్ళు తేలేసి “ఎవరండీ మీరు?” అన్నాను. ఆయన మంచినీళ్ళకు పరిగెత్తాడు. ఆ సందులో కొంగు చాటున డాబా తాళం పొడుగుచెవి ఒక్కటీ ఊడదీసి, మిగతా గుత్తి భక్తిగా అప్పగించాను.

డాక్టరమ్మ దగ్గరకు నేనే వెళ్ళి ఒప్పుకున్నాను. నీ వాటా తిట్లు కూడా ఆమే తిట్టింది. మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నాను, ఒక్క పూట తప్పలేదు. ఖాళీ అట్ట ఇందులో పెడుతున్నాను, చూసుకో.

మూడో రోజు నేను డాబా మీద ఉండగా ఇంటాయన కింద నుంచి కేకేశాడు.

“డాబా తాళం ఎవరు తీశారు?”

“మీరేగా అయ్యగారూ, నా చేతిలో పెట్టారు! పడ్డ మనిషి చేతిలో పెట్టిన ఇనుము వెనక్కి తీసుకుంటే, ఆ జబ్బు ఇనుముగలాయన ఇంటికి పోతుందటండీ. గుత్తి మొత్తం ఇచ్చేస్తే పాపమని, మీ మేలు కోరి ఒక్కటి ఉంచుకున్నా. తెచ్చియ్యమంటారా?”

“వద్దొద్దు!” అని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ నియమం నేను అప్పటికప్పుడు కల్పించిందిరా.

“మరి గది మాట?”

“ఉండవమ్మా, ఉండు. మధ్యలో కూర్చో, పిట్టగోడ దగ్గరకు పోకు.”

కాబట్టి ఉయ్యూరు పోను. మెట్లు పన్నెండు. మొదటి రోజు కూర్చుని కూర్చుని ఎక్కాను, నిన్న మధ్యలో ఒక్కసారే ఆగాను. మాణిక్యమ్మ తోడొస్తోంది, వడియాలు ఎండబెట్టుకోవచ్చని. నువ్వు సెలవుకొచ్చినప్పుడు మన గదిలో వెతకకు. వీధిలో నిలబడి తలెత్తి కేకెయ్యి. గది తాళంచెవి కిందకు విసురుతాను, సామాను పడేసి పైకి రా.

ఇట్లు,
డాబా మీద ఎండలో కూర్చుని,
నీ తల్లి
తెరేసమ్మ